హైదరాబాదు పక్కన వాలంటీర్లతో దూరపు కాలిబాట: వేయడానికీ, నిలబెట్టుకోవడానికీ సమగ్ర మార్గదర్శి

గుట్ట వాలు మీద ఒక కిలోమీటరు కాలిబాట కోయడానికి ఉత్సాహం ఉన్న పాతిక మంది, కొన్ని ఆదివారాలు ఉంటే సరిపోతుంది. అదే కిలోమీటరు వరసగా మూడు వానాకాలాలు తట్టుకుని నిలవాలంటే మాత్రం ఉత్సాహం ఒక్కటే చాలదు. ఆ కిలోమీటరు తనదని అనుకునే మనిషి ఉండాలి, వాన నీరు ఎటు పోతుందో ముందే ఆలోచించి బాట గీసి ఉండాలి. ఖాజాగూడ బండలు, భువనగిరి కోట, అనంతగిరి అడవి వంటి చోట్ల వారాంతాల్లో నడిచే బృందాలు మన నగరంలో చాలానే ఉన్నాయి. వాటిలో కొన్నైనా ఒక అడుగు ముందుకు వేసి, మూడు నాలుగు రోజులు ఏకబిగిన నడవగలిగే బాటను సొంత చేతులతో వేయాలనుకుంటే, పనిని ఏ వరసలో చేయాలో చెప్పడం ఈ మార్గదర్శి ఉద్దేశం. వివరాలు చేతికి అందేలా ఉండాలని గండిపేట నుంచి మూసీ ఎగువకు, చేవెళ్ళ, వికారాబాద్ ప్రాంతాల మీదుగా అనంతగిరి వరకు సాగే ఒక ఊహా మార్గాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. భువనగిరి వైపో రాచకొండ వైపో వెళ్ళాలనుకునే వారికి కూడా పని వరస ఇదే.

ముందు మనుషులు, తరవాత బాట

ప్రపంచంలో పేరున్న దూరపు కాలిబాటల్లో చాలావాటిని మొదట గీసింది ప్రభుత్వాలు కావు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం పొడవునా సాగే లాంగ్ ట్రైల్‌ను గ్రీన్ మౌంటెన్ క్లబ్ సభ్యులు 1910లో తలపెట్టి 1930 నాటికి పూర్తి చేశారు. బెంటన్ మెకై 1921లో ప్రతిపాదించిన అపలాచియన్ ట్రైల్ 1937లో పూర్తయింది. జార్జియా నుంచి మెయిన్ వరకు 14 రాష్ట్రాల గుండా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే ఆ బాటను ఈనాటికీ ముప్పై దాకా స్థానిక క్లబ్బులు ముక్కలుగా పంచుకుని చూసుకుంటున్నాయి. కెనడాలోని ఒంటారియోలో 1967లో ప్రారంభమైన బ్రూస్ ట్రైల్ దాదాపు 900 కిలోమీటర్లు; అదీ వాలంటీర్ల చేతుల మీదే నడుస్తోంది. ఈ మూడింటిలో మనం నేర్చుకోవలసిన అసలు సంగతి వాటి పొడవు కాదు, పంపకం. బాట మొత్తానికి ఒక సమితి ఉంటుంది, ఒక్కో భాగానికి ఒక క్లబ్బు ఉంటుంది, ఆ క్లబ్బులో ఒక్కో చిన్న ముక్కకు పేరుతో సహా ఒక బాధ్యుడు ఉంటాడు. చెట్టు పడితే ఎవరికి కబురు చేయాలో అందరికీ తెలుసు.

అందుచేత మొదటి పని గడ్డపార కొనడం కాదు, పేర్ల పట్టిక రాయడం. ఇద్దరు మనుషులకు రెండు లేదా మూడు కిలోమీటర్లు అనేది మోయగలిగిన బరువు. అంతకన్నా ఎక్కువ అప్పజెబితే మొదటి ఏడు బాగానే సాగుతుంది, రెండో ఏడు వాయిదాలు మొదలవుతాయి. అరవై కిలోమీటర్ల బాటకు ఇరవై నుంచి ముప్పై జంటలు కావాలన్న మాట. అంతమంది లేకపోతే అరవై కిలోమీటర్లు తలపెట్టవద్దు. ఆరు జంటలే ఉంటే పదిహేను కిలోమీటర్లు వేసి, దాన్ని రెండేళ్ళు బాగా చూసుకుని, ఆ తరవాత సాగదీయడమే మేలు. బాధ్యులు దొరకని కిలోమీటరును కోయకూడదనే నియమాన్ని మొదటి సమావేశంలోనే రాసుకోవాలి. ఈ మార్గదర్శిలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలనుకుంటే ఈ నియమాన్నే గుర్తుంచుకోమంటాను.

జంటల్లో ఒకరైనా బాటకు దగ్గరి ఊరివారై ఉంటే చాలా మంచిది. కొండాపూర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉండే ఉద్యోగికి నెలకు ఒక ఆదివారం దొరకడమే గగనం. ఊళ్ళో ఉండే డిగ్రీ విద్యార్థి వాన వెలిసిన మర్నాడే వెళ్ళి చూసి రాగలడు. సంఘాన్ని సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు చేసుకోవడానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. నమోదు లేకపోయినా పని మొదలుపెట్టవచ్చు గానీ, అనుమతుల కోసం కార్యాలయాలకు వెళ్ళే నాటికి నమోదు పత్రం, బ్యాంకు ఖాతా ఉంటే మాట నిలుస్తుంది.

మార్గం గీయడం

కాగితం మీద పని మొదలుపెట్టడానికి హైదరాబాదు మంచి చోటు. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ ఉపగ్రహ పటాలు 2009 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 కొలమానం టోపో షీట్లలో కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపేవి), వాగులు, చెరువులు, అడవి హద్దులు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని మొదట మూడు రకాల చోట్లను రంగు పెన్సిలుతో గుర్తించాలి: బాట తప్పకుండా తాకాలనుకునేవి, తప్పకుండా తప్పించుకోవలసినవి, రోడ్డును దాటక తప్పనివి.

మన ఉదాహరణలో మొదటి రకంలోకి గండిపేట ఒడ్డు దృశ్యం, మూసీ లోయలోని పాత మర్రి తోపులు, చివర మూసీ పుట్టే అనంతగిరి కొండలు వస్తాయి. రెండో రకంలోకి చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ ఉద్యానం, గండిపేట (ఉస్మాన్ సాగర్), హిమాయత్ సాగర్ జంట జలాశయాల పూర్తి నీటిమట్టం లోపలి భూమి, పూడూరు మండలంలోని దామగుండం అడవి వస్తాయి. దామగుండంలో నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది కనుక అటు వైపు ఆలోచన పెట్టుకోకూడదు. మూడో రకంలో బీజాపూర్ రోడ్డు ఉంది. చేవెళ్ళ దారిలో ఆ రోడ్డుకు ఇరువైపులా ఉన్న మర్రిచెట్లను కాపాడుకోవడానికి నగరవాసులు ఎంతో పోరాడారు. ఆ నీడలోనే రోడ్డు దాటేలా బాటను కలిపితే నడిచేవారికి విశ్రాంతి చోటు కూడా దొరుకుతుంది. నగరం చుట్టూ రాబోయే ప్రాంతీయ వలయ రహదారిని కూడా ఎక్కడో ఒక చోట దాటవలసి వస్తుంది గనుక, ఆ ప్రాంతంలో వాగు మీది వంతెన కింద నుంచి వెళ్ళే వీలు ఉంచుకోవడం ముందుచూపు.

పటం మీద గీత పూర్తయ్యాక దాన్ని నేల మీద నడిచి చూడాలి, అదీ కనీసం రెండు రుతువుల్లో. ఎండాకాలంలో నడిస్తే దారి కనిపిస్తుంది, వానాకాలంలో నడిస్తే నీరు కనిపిస్తుంది. నాలుగు నెలలు ఎండిపోయి ఇసుకతో మెత్తగా ఉండే ఒర్రె, ఆగస్టులో ఒక్క గంట వానకు నడుముల్లోతు ప్రవహిస్తుంది. అది తెలిసిన వాళ్ళు మన బృందంలో ఉండరు, గొర్లు కాసే పెద్దమనుషుల్లో ఉంటారు. వాళ్ళతో నడవడం కన్నా మంచి సర్వే లేదు. “గీ ఒర్రె పొంటి బాట వెట్టకుండ్రి బిడ్డా, వానకాలంల మొత్తం కొట్కపోతది. ఆ బండ మీదికెళ్లి తియ్యుండ్రి, మా గొర్లు గట్లనే పోతయి” అని ఒక పెద్దయ్య అన్నాడంటే, కంప్యూటరులో నెల రోజులు చూసిన పటం కన్నా ఆ ఒక్క మాటకే విలువ ఎక్కువ. గొర్లు వందల సార్లు నడిచి తేల్చుకున్న దారి సాధారణంగా గట్టి నేల మీదే ఉంటుంది. అయితే గొర్రె నిటారుగా కూడా ఎక్కుతుంది కాబట్టి, ఆ దారి దిశను తీసుకుని వాలును మాత్రం మనం సరిచేసుకోవాలి.

భూమి ఎవరిదో తేల్చుకోవడం

ఈ దశ నీరసం తెప్పిస్తుంది. అయినా దీన్ని దాటవేస్తే తరవాతి శ్రమ అంతా ఒక్క రోజులో పోతుంది. గీసిన గీతను గ్రామ నక్షా మీదికి దించి, ఒక్కో సర్వే నంబరు పట్టా భూమా, అసైన్డ్ భూమా, ప్రభుత్వ భూమా, దేవాదాయ లేదా వక్ఫ్ భూమా, రిజర్వు అడవా అని విడదీయాలి. నక్షాలో చుక్కల గీతలతో చూపిన పాత బండ్ల బాటలు ఉంటాయి. అవి ఊరందరి దారులు. దున్నకాల్లో కొంత కలిసిపోయినా, వాటి మీద సాగే మార్గానికి ఒప్పించడం తేలిక. వీలైనంత దూరం బండ్ల బాటల మీదా, చెరువు కట్టల మీదా, ప్రభుత్వ గుట్టల మీదా నడిపించి, పట్టా చెలకల్లోకి అసలు వెళ్ళకుండా చూసుకోవడం ఉత్తమం. వెళ్ళక తప్పకపోతే గెట్టు వెంబడి మాత్రమే వెళ్ళాలి, రైతుతో రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి, అది ఆయన ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల సమ్మతి అని అందులోనే రాయాలి. ఆ వాక్యం చూశాక చాలామంది రైతులు నిశ్చింతగా సంతకం పెడతారు. నగరం నుంచి వచ్చిన వాళ్ళు దారి పేరుతో భూమికి ఎసరు పెడతారేమోనన్న భయం నగరం చుట్టుపక్కల ఊళ్ళలో చాలా గట్టిగా ఉంది, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి.

ప్రతి గ్రామ పంచాయతీ నుంచి తీర్మానం తీసుకోవాలి. సర్పంచ్ గారి నోటిమాట ఎంత ఆప్యాయంగా ఉన్నా, తీర్మానం ప్రతి చేతిలో ఉండాలి.

అడవి విషయంలో రాజీ పనికిరాదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా పొద కొట్టినా, మట్టి తవ్వినా అది నేరమే. జాతీయ ఉద్యానాలకూ అభయారణ్యాలకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మరింత కఠినమైన కట్టుబాట్లు ఉన్నాయి. జిల్లా అటవీ అధికారికి రాసే దరఖాస్తులో కొత్త బాట కోస్తామని కాక, అటవీ సిబ్బంది గస్తీకి వాడే పాత దారులను బాగుచేసి, వాటి మీదే నడుస్తామని ప్రతిపాదించడం సబబు. వారికి మంటల కాలంలో అగ్గి వ్యాపించకుండా అడ్డుకునే ఖాళీ చారలు కావాలి, మనకు నడిచే దారి కావాలి. ఈ రెండు అవసరాలూ కలిసే చోట అనుమతి దొరికే అవకాశం ఎక్కువ. రేంజి అధికారినీ బీట్ అధికారినీ మొదటి నడకకే పిలవండి. అనుమతి రానిచోట బాటను అడవి అంచు వరకు తెచ్చి ఆపాలి. అడవిలో దొంగచాటుగా కోసిన అర కిలోమీటరు కోసం మిగతా మొత్తం దారి పరువు పోగొట్టుకోకూడదు.

వాలు కొలవడం: నీళ్ళ పైపుతో

కాలిబాటకు అసలు శత్రువు నీరు. మనుషుల పాదాలు నేలను గట్టిపరుస్తాయి, గట్టిపడిన నేల మీద నీరు ఇంకకుండా పారుతుంది, పారే నీరు వేగం అందుకుంటే మట్టిని కోసుకుపోతుంది. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టల మీద పైపొర చాలా పలుచన; బండ శిథిలమై ఏర్పడిన గరుసు ఇసుక, దాని కింద మొరం, దాని కింద రాయి. ఏడాదికి ఇక్కడ పడే దాదాపు 80 సెంటీమీటర్ల వానలో చాలా భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్య, అదీ కొద్ది గంటల జోరువానలుగా పడుతుంది. నిటారుగా పైకి వెళ్ళే బాట ఒకే వానాకాలంలో మోకాలి లోతు కాలువ అవుతుంది. గండిపేట ఎగువన ఆ కొట్టుకుపోయిన మట్టి చివరికి చేరేది మన తాగునీటి జలాశయంలోకే కాబట్టి, వాలు తప్పితే నష్టం బాటతో ఆగదు.

రెండు నియమాలు కంఠస్థం కావాలి. మొదటిది, బాట సగటు వాలు 10 శాతం దాటకూడదు, అంటే వంద మీటర్లు నడిస్తే పది మీటర్లకు మించి ఎక్కకూడదు. రెండోది, బాట వాలు ఆ చోట గుట్ట వాలులో సగానికి మించకూడదు. గుట్ట వాలు 30 శాతం ఉంటే బాట 15 శాతం లోపు ఉండాలి, అదీ కొద్ది దూరమే. గుట్ట వాలు 8 శాతమే ఉంటే బాట 4 శాతం దాటరాదు. రెండో నియమం కొత్తవాళ్ళకు వింతగా తోస్తుంది, ఎందుకంటే మెత్తగా వాలిన నేల మీద సూటిగా ఎక్కేయవచ్చునని కంటికి అనిపిస్తుంది. కానీ సూటిగా వెళ్ళిన బాటలో పడిన నీటికి పక్కకు దిగిపోయే దారి ఉండదు, బాటే దానికి కాలువ అవుతుంది. అడ్డంగా వెళ్ళిన బాటలోనైతే నీరు బాటను దాటి కిందికి జారిపోతుంది.

వాలు కొలవడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. మన మేస్త్రీలు గోడ మట్టం చూడటానికి వాడే పారదర్శకమైన నీళ్ళ పైపే చాలు. పది పన్నెండు మీటర్ల పైపు, మనిషి ఎత్తు ఉన్న రెండు కర్రలు తీసుకోండి. కర్రల మీద అడుగు నుంచి పైకి సెంటీమీటర్లు గీసుకోండి. పైపు రెండు కొసలనూ చెరొక కర్రకు నిలువుగా కట్టి, గాలి బుడగలు లేకుండా నీళ్ళు నింపండి. బుడగ ఒక్కటి మిగిలినా కొలత తప్పుతుంది, కాబట్టి పైపును మెల్లగా వేలితో తడుతూ బుడగలను పైకి తరమాలి. ఇప్పుడు ఒకరు కింద, ఒకరు ఐదు మీటర్ల ఎగువన నిలబడాలి. నీరు ఊగడం ఆగాక కింది మనిషి కర్ర మీద నీటి గీత 130 దగ్గర, పై మనిషి కర్ర మీద 80 దగ్గర ఉంటే, ఐదు మీటర్ల దూరంలో 50 సెంటీమీటర్లు ఎక్కారన్న మాట. అది సరిగ్గా 10 శాతం. తేడా 50 కన్నా ఎక్కువ ఉంటే పై మనిషి వాలు వెంబడి కిందికి జరగాలి, తక్కువ ఉంటే పైకి జరగవచ్చు. సరైన చోటు దొరకగానే అక్కడ రంగు గుడ్డ పీలిక కట్టిన పుల్ల నాటి ముందుకు సాగాలి. ఇలా గుట్ట వాలు అంతా పుల్లలు నాటాక వెనక్కి వచ్చి, కింది నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి చూడండి. బాట రేపు ఎలా ఉండబోతోందో ఆ పీలికల వరసలో కనిపిస్తుంది. నచ్చనిచోట ఇప్పుడే మార్చుకోవాలి, పుల్ల పీకి నాటడానికి ఒక నిమిషం చాలు.

మలుపులు వీలైనంత తక్కువ పెట్టండి. మలుపు దగ్గర జనం అడ్డదారి తొక్కుతారు. మలుపు తప్పకపోతే ఎగువ బాటకూ దిగువ బాటకూ మధ్య పెద్ద బండో, చిక్కటి పొదో ఉండేలా చోటు ఎంచుకోవాలి.

బాట కోయడం

ఒంటి వరసలో నడిచే బాటకు 60 నుంచి 75 సెంటీమీటర్ల వెడల్పు చాలు. ఇంతకన్నా వెడల్పు కోస్తే మోటారు సైకిళ్ళు వస్తాయి. చుట్టూ తీసే ఖాళీ విషయంలో అపలాచియన్ ట్రైల్ వారి కొలతను తీసుకోవచ్చు: నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. అంతకు మించి ఒక్క కొమ్మ కూడా కొట్టనవసరం లేదు.

వాలు మీద బాట కోసేటప్పుడు మొత్తం వెడల్పునూ గట్టి నేలలోకే కోయాలి. సగం లోపలికి కోసి, ఆ మట్టినే బయటి అంచున పోసి వెడల్పు చేసుకోవాలనే తొందర అందరికీ కలుగుతుంది. పని సగం అవుతుంది మరి. కానీ పోసిన మట్టి మొదటి వానకే జారిపోయి, బాట సగానికి సగం అవుతుంది. తవ్విన మట్టిని తట్టల్లో ఎత్తి, కొంచెం కిందుగా, పల్చగా, చెట్ల మొదళ్ళకు దూరంగా వెదజల్లాలి.

కోసిన నేల బయటి వైపుకు కొద్దిగా వంగి ఉండాలి. 60 సెంటీమీటర్ల వెడల్పులో మూడు సెంటీమీటర్ల వాటు (బయటికి వంపు) చాలు. కంటితో చూసి తేల్చవద్దు. ఒక సీసా నీళ్ళు బాట మీద పోసి చూడండి. నీరు నాలుగు అడుగులు బాట వెంబడి పారితే వాటు చాలలేదు. వెంటనే అంచు దాటి కిందికి జారితే సరిపోయింది. ప్రతి పది మీటర్లకూ ఈ పరీక్ష చేసే అలవాటు బృందానికి ఉంటే సగం మరమ్మతులు తప్పుతాయి.

రోజులు గడిచేకొద్దీ పాదాల ఒత్తిడికి బాట మధ్యలో గుంట పడుతుంది, ఈ వాటు తగ్గిపోతుంది. అందుకే రెండో రక్షణగా బాటను అక్కడక్కడ నాలుగైదు మీటర్ల పాటు కొద్దిగా దించి మళ్ళీ ఎక్కించాలి. ఎక్కే బాటలో ఈ చిన్న దిగుడు నడిచేవారికి తెలియను కూడా తెలియదు, కానీ పైనుంచి వచ్చే నీరు అక్కడ ఆగి పక్కకు దిగిపోతుంది. పీలికలు కట్టేటప్పుడే ఈ దిగుళ్ళను చేర్చుకోవాలి, వాలు ఎక్కువైన చోట వాటిని మరింత దగ్గర దగ్గరగా పెట్టుకోవాలి. అప్పటికే ఉన్న పాత నిటారు దారిని వాడక తప్పనప్పుడు మాత్రమే రాళ్ళ అడ్డకట్టలు వేయాలి. అవి దారికి నలభై ఐదు డిగ్రీల కోణంలో, ఒకదానికొకటి ఆనించి పాతిన రాళ్ళుగా ఉండాలి. అడ్డంగా వేస్తే నీరు ఎదురు తిరిగి, చుట్టూ తవ్వుకుపోతుంది.

పొదల విషయంలో ఒక జాగ్రత్త. లాంటానాను నేలమట్టానికి పైన కోస్తే నెల తిరగకుండా రెట్టింపు కొమ్మలతో లేస్తుంది. గడ్డపారతో మొదలు వేరుతో సహా లేపి, తలకిందులుగా ఎండబెట్టాలి. తంగేడు, రేగు, సీతాఫలం, మోదుగ మొక్కలను తప్పించి బాటను జరపడం వీలవుతుంది, కొట్టవద్దు. వయ్యారిభామ, దూలగొండి ఉన్న చోట నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ పనిలోకి దించకూడదు.

రాతి పని

మన గుట్టల మీద మట్టి పని కన్నా రాతి పనే ఎక్కువ. దీన్ని పుస్తకం చూసి నేర్చుకోలేము. రాతి పని తరతరాలుగా వచ్చిన వడ్డెర మేస్త్రీలు తెలంగాణ ఊళ్ళలో ఉన్నారు; రాయి పొర ఎటు పోతుందో, ఉలి ఎక్కడ పెడితే పలక విడిపోతుందో సుత్తి శబ్దం విని చెప్పగలరు. ఒక మేస్త్రీని న్యాయమైన కూలి ఇచ్చి కొన్ని రోజులు బృందానికి గురువుగా పెట్టుకోండి. వాలంటీర్ల పని గనుక ఆయన కూడా ఊరకే చేయాలని అడగడం తప్పు; అది ఆయన బతుకుతెరువు.

మెట్టు పేర్చేటప్పుడు కింది నుంచి మొదలుపెట్టి, ప్రతి పై రాయీ కింది రాయి వెనక అంచు మీద కొంత కూర్చునేలా పెట్టాలి. రాయిలో మూడింట రెండు వంతులు భూమిలో ఉండాలి. ఎత్తు 15 నుంచి 20 సెంటీమీటర్లు. అంతకన్నా ఎక్కువైతే పిల్లలూ పెద్దలూ పక్కనుంచి ఎక్కి కొత్త దారి చేస్తారు. రాయి పెట్టాక నాలుగు మూలల మీదా కాలుపెట్టి ఊగాలి. కొంచెం కదిలినా తీసి, చిన్న చీలిక రాళ్ళు దట్టించి మళ్ళీ కూర్చోబెట్టాలి. సిమెంటు వద్దు, పగిలితే బాగుచేయడం కష్టం, గుట్ట మీద అది కనిపించడమే బాధ కలిగిస్తుంది.

పేరుకుని ఉన్న పెద్ద బండలను పగలగొట్టి దారి చేయకూడదు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి ఈ గ్రానైటును క్వారీలు, లేఅవుట్లు ఇప్పటికే చాలావరకు మింగేశాయి. మిగిలినవాటి కోసం 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ పనిచేస్తోంది. వారు నిర్వహించే రాళ్ళ నడకలకు మీ వాలంటీర్లను పంపితే, ఏ బండను ఎందుకు ముట్టుకోకూడదో వాళ్ళకే తెలిసివస్తుంది.

గుర్తులు

అపలాచియన్ ట్రైల్ మీద రెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తున్న తెల్ల చారలు చెట్లకు, స్తంభాలకు గుర్తులుగా ఉంటాయి. ఒకదాని పైన ఒకటి రెండు చారలు కనిపిస్తే ముందు మలుపు ఉందని అర్థం. ఈ పద్ధతిని అలాగే తీసుకోండి, కానీ చెట్ల మీద, సహజమైన బండల మీద మాత్రం రంగు వేయవద్దు. అటవీ శాఖ కూడా చెట్లకు రంగు గుర్తులు పెడుతుంది, గందరగోళమవుతుంది. రైతులు కంచెకు పాతే గ్రానైటు కడీలు మన దగ్గర ఎక్కడైనా దొరుకుతాయి. పొట్టి కడీని మూడో వంతు భూమిలోకి పాతి, పై భాగంలో ఐదు సెంటీమీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల పొడవున తెల్ల ఎనామెల్ చార రెండు ముఖాల మీదా వేయాలి. అటు వెళ్ళేవారికీ ఇటు వచ్చేవారికీ గుర్తు కనిపించాలి. మట్టి లేని పరుపు బండల మీద కడీ నిలవదు కాబట్టి అక్కడ మోకాలి ఎత్తు రాళ్ళ కుప్పలు పేర్చాలి. పశువులు వాటిని పడగొడతాయి. తిరిగి పేర్చడం ఆ భాగం బాధ్యుల పనుల్లో ఒకటి.

ఒక గుర్తు దగ్గర నిలబడితే తరవాతి గుర్తు కనిపించాలనేది పొదలు ఉన్నచోట సరిపోయే నియమం. చెరువు కట్ట లాంటి తప్పిపోలేని చోట్ల అంత దట్టంగా అక్కరలేదు. దారులు చీలే ప్రతి చోటా తప్పకుండా ఉండాలి.

పని రోజు

పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకు ముగించాలి. మార్చి నెలాఖరు నుంచి జూన్ వానల వరకు తవ్వకం పనులు పెట్టుకోవద్దు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు నేల కాస్త తడిగా, గాలి చల్లగా ఉంటుంది. ఆరేడుగురికి ఒక నాయకుడు ఉండాలి. పార, పలుగు, గొడ్డలి పట్టినవారి మధ్య పది అడుగుల దూరం ఉండాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ధనుర్వాతం సూది, గట్టి బూట్లు తప్పనిసరి. రాళ్ళ సందుల్లో చేయి పెట్టేముందు గడ్డపారతో కదిలించి చూడాలి. రక్తపింజర, కట్లపాము మన గుట్టల్లో ఉన్నవే. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం చేయకూడదు. కరిచిన అవయవాన్ని కదలనీయకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఆ ఆసుపత్రి ఏదో, అక్కడికి బండి ఏ దారిన వస్తుందో పని మొదలుపెట్టకముందే నాయకుడు కనుక్కుని ఉండాలి. బండ కొమ్ముల కింద పెద్ద తేనెపట్లు ఉన్నచోట పొగ, గట్టి అత్తర్లు, సుత్తి మోత మూడూ ప్రమాదమే. ఆ కాలానికి పని వేరే చోటికి మార్చుకోవాలి.

ఏడాది పొడవునా కాపు

బాట తెరిచిన రోజు ఫొటోలు దిగేందుకు వంద మంది వస్తారు. ఆ వందమందిలో మే నెలాఖరున మళ్ళీ వచ్చేవారే బాటకు అసలు యజమానులు.

ప్రతి జంటా ఏడాదికి కనీసం మూడుసార్లు తమ భాగాన్ని పూర్తిగా నడవాలి. వానలకు ముందు, మే చివరి వారంలో, దిగుళ్ళలో పేరుకున్న మట్టినీ ఆకులనూ పారతో తీసి నీటి దారులు తెరవాలి. ఏడాది మొత్తంలో అతి ముఖ్యమైన పని ఇదే, ఒక్క పూటలో అవుతుంది. ఆగస్టులో, వీలైతే వాన పడుతుండగానే, గొడుగు పట్టుకుని నడిచి నీరు ఎక్కడ బాట వెంబడి పారుతోందో చూడాలి. ఎండలో వెతికినా దొరకని లోపాలు అప్పుడు ఒక్క చూపులో కనిపిస్తాయి. అక్టోబరులో పెరిగిన గడ్డినీ కొమ్మలనూ కోయాలి, కడీలకు రంగు తిరగవేయాలి. కొమ్మను కోసేటప్పుడు కింది వైపు నుంచి చిన్న గాటు పెట్టి, తరవాత పైనుంచి రంపంతో కోస్తే బెరడు చీలిపోదు.

ప్రతి నడక తరవాత రిజిస్టరులో నాలుగు విషయాలు రాయాలి: తేదీ, ఏ కడీ నంబరు నుంచి ఏ నంబరు వరకు నడిచారు, ఏం బాగుచేశారు, ఏం మిగిలింది. “బాట బాగుంది” అనే ఎంట్రీని సమితి అంగీకరించకూడదు. “17వ కడీకి 18వ కడీకి మధ్య దిగుడు పూడింది, తీశాం, 21 దగ్గర మెట్టు రాయి కదులుతోంది, గడ్డపార లేక వదిలాం” అన్న ఎంట్రీ వల్ల తరవాతి పని రోజు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. గంటలు కూడా రాయాలి. అపలాచియన్ ట్రైల్ మీద వాలంటీర్ల పని ఏడాదికి రెండు లక్షల గంటలు దాటిన సంవత్సరాలు ఉన్నాయి. ఆ లెక్క ఉండబట్టే ప్రభుత్వంతో మాట్లాడేటప్పుడు ఆ సంఘాలకు బలం చేకూరింది. మన గంటలు వందల్లోనే ఉన్నా, అటవీ అనుమతి పొడిగింపుకు వెళ్ళినప్పుడు ఆ రిజిస్టరే మన తరఫున మాట్లాడుతుంది.

పనిముట్లను బాటకు దగ్గరి ఊళ్ళో, పంచాయతీ గదిలోనో నమ్మకమైన ఇంట్లోనో భద్రపరచాలి. ప్రతిసారీ నగరం నుంచి మోసుకు రావలసి వస్తే చిన్న మరమ్మతులు వాయిదా పడతాయి, చిన్నవే పెద్దవవుతాయి.

బాధ్యులు మారుతూనే ఉంటారు. ఉద్యోగం బెంగుళూరుకు మారుతుంది, పెళ్ళవుతుంది, మోకాలి నొప్పి వస్తుంది. తప్పుకునేవారు కొత్త జంటతో కలిసి ఒకసారి ఆగస్టులో, ఒకసారి మేలో నడిచి, నీటి చోట్లన్నీ చూపించి, రిజిస్టరూ రైతుల ఫోన్ నంబర్లూ చేతిలో పెట్టిన తరవాతే తప్పుకోవాలి. వెంటనే కొత్తవారు దొరక్కపోతే పక్క భాగపు జంట ఆరు నెలలు చూడవచ్చు. ఆరు నెలలు దాటినా ఎవరూ ముందుకు రాకపోతే ఆ భాగాన్ని మూసివేయాలి. మూసివేయడం కూడా ఒక పనే: రెండు కొసల దగ్గరా కనుచూపు మేర దాకా ముళ్ళకంప అడ్డంగా పరచాలి, గట్టిపడిన నేలను పలుగుతో గుల్ల చేసి, వాన నీరు నిలిచేలా అడ్డంగా రాళ్ళు పేర్చి, పక్కన ఉన్న గడ్డి దుబ్బులను తెచ్చి నాటాలి, కడీలను పెకలించి వేరే భాగానికి వాడుకోవాలి, పటంలో ఆ గీత తీసేసి దగ్గరి బండ్ల బాట మీదుగా తాత్కాలిక దారి చూపాలి, పంచాయతీకీ బీట్ అధికారికీ ఆ మార్పును రాతపూర్వకంగా తెలియజేయాలి.